కోటు జేబులో దాగిన పిస్టల్: 19వ శతాబ్దపు అమెరికా అసలు దేనికి భయపడింది?

పాత అమెరికా అనగానే చాలామందికి ఒక బొమ్మ గుర్తొస్తుంది. నడుముకు తోలు బెల్టు, దానికి వేలాడే పెద్ద రివాల్వర్, దుమ్ము రేగే వీధిలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మగాళ్లు. హాలీవుడ్ ఆ బొమ్మను ప్రపంచమంతా తిప్పింది. తెలుగు కౌబాయ్ సినిమాలు కూడా దాన్నే మనకు అలవాటు చేశాయి. కానీ ఆ శతాబ్దపు చట్టాలు, కోర్టు తీర్పులు, కథలు, నవలలు వరసగా చదివితే వేరే ఆయుధం పదేపదే ఎదురవుతుంది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్టల్ అది. కోటు జేబులోనో, వెయిస్ట్‌కోట్ లోపలో, చలికాలంలో ఆడవాళ్లు చేతులు దూర్చుకునే బొచ్చు మఫ్‌లోనో ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా కనిపించదు. ఆ కాలపు చట్టసభలు అదుపు చేయడానికి పదేపదే ప్రయత్నించింది దీన్నే.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక కొత్త పరీక్ష పెట్టింది. తుపాకులను అదుపు చేసే చట్టం నిలబడాలంటే, అది ఆ దేశ చారిత్రక సంప్రదాయానికి తగ్గట్టు ఉందని ప్రభుత్వమే చూపించాలి. దాంతో 1813 నాటి చట్టాలు, 1850 నాటి తీర్పులు ఇవాళ్టి లాయర్ల చేతుల్లోకి మళ్లీ వచ్చాయి. చరిత్రను చూసి తీర్పు చెబుతామన్నప్పుడు ఆ చరిత్రలో జేబు పిస్టల్ కథ పూర్తిగా వినాలి. ఆయుధం పట్టుకునే హక్కును గట్టిగా నమ్మిన సమాజమే దాచిన ఆయుధాన్ని నేరంగా చూసింది. అదే సమాజం ఆ చట్టాలను అందరి మీదా ఒకేలా ప్రయోగించలేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలేసినా చెప్పిన చరిత్ర తప్పే అవుతుందని నేను నమ్ముతున్నాను.

చిన్న పిస్టల్ అంతకుముందు లేదని కాదు. చెకుముకి రాయితో పేలే చిన్న పిస్టళ్లు 18వ శతాబ్దంలోనే ఉన్నాయి. వాటితో ఇబ్బంది ఏమిటంటే, రాయి కొట్టిన నిప్పురవ్వ అంటుకోవడానికి గొట్టం పక్కన చిన్న గిన్నెలో కాస్త మందు పోసి ఉంచాలి. జేబులో వేసుకుని నడిస్తే ఆ మందు రాలిపోతుంది, చెమ్మ తగిలితే పనికిరాదు. పైకి పొడుచుకొచ్చిన భాగాలు బట్టకు తట్టుకుంటాయి. 1820ల నుంచి పర్కషన్ క్యాప్ వాడకంలోకి వచ్చింది. అది లోపల పేలుడు రసాయనం పూసిన చిన్న రాగి టోపీ. దాన్ని తుపాకీ మీద తొడిగితే చాలు, సుత్తి దెబ్బకు నిప్పు లోపలికి వెళ్లి మందు అంటుకుంటుంది. పొద్దున మందు నింపి, టోపీ తొడిగి, జేబులో వేసుకుని సాయంత్రం దాకా తిరగొచ్చు. తుపాకీ అంతకుముందు వేటకు వెళ్లేటప్పుడో, కాపలాకో, యుద్ధానికో చేతిలోకి తీసుకునే వస్తువు. ఈ చిన్న మార్పుతో అది మాటామాటా పెరిగిన క్షణంలో కూడా చేతికి అందుబాటులోకి వచ్చింది.

ఈ మార్పును సొమ్ము చేసుకున్నవాళ్లలో మొదటి పేరు హెన్రీ డెరింజర్‌ది. 1786లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చిన తుపాకుల పనివాడు. కొడుకు 1806లో ఫిలడెల్ఫియా చేరి దుకాణం పెట్టాడు. మొదట్లో సైన్యానికీ, ఒప్పందాల కింద ఆదివాసీ తెగలకు ప్రభుత్వం ఇచ్చే రైఫిళ్లకూ కాంట్రాక్టులు చేశాడు. ఆయన పేరు నిలబడింది మాత్రం జేబు పిస్టల్ వల్లే. ఒకే గొట్టం, ఒకే గుండు, వాల్‌నట్ కొయ్య పిడి, దాని మీద వెండిలా మెరిసే జర్మన్ సిల్వర్ తొడుగులు. ఒక్క దెబ్బే కాబట్టి జంటగా అమ్మేవారు. గుండు మాత్రం చిన్నది కాదు, దాని వ్యాసం మామూలుగా అంగుళంలో 41 శాతం. నాలుగైదు అడుగుల దూరంలో అది ఘోరమైన ఆయుధం. ఇరవై అడుగులు దాటితే తగులుతుందన్న భరోసా లేదు. గది మధ్యలో, పేకాట బల్లకు అటూ ఇటూ, మెట్ల మీద వాడడానికే అది పనికొస్తుంది.

ఆయన ఆ పిస్టల్‌కు పేటెంట్ తీసుకోలేదు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికాక, శాన్ ఫ్రాన్సిస్కో ఆ పిస్టళ్లకు పెద్ద మార్కెట్ అయింది. చట్టం, పోలీసులు, కోర్టు ఏవీ సరిగ్గా కుదురుకోని ఊళ్లలోకి చేతిలో డబ్బున్న మగాళ్లు వేలల్లో వచ్చిపడ్డారు. గిరాకీ పెరిగాక నకిలీలు మొదలయ్యాయి. ఆయన ముద్రనే కొట్టి అమ్ముతున్నవాళ్ల మీద డెరింజర్ కాలిఫోర్నియాలో కేసు వేశాడు. అది రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు ఆయన పక్షానే నిలిచింది. అమెరికా ట్రేడ్‌మార్క్ చట్టం గురించి చదివేవాళ్లు ఇప్పటికీ ఆ కేసును చూస్తుంటారు. 1868లో ఆయన పోయేనాటికి ఆ పేరు ఒక్క కంపెనీది కాకుండా పోయింది. ఎవరు చేసినా చిన్న పిస్టల్ అంటే డెరింజరే.

ఈ ఆయుధం ఎవరి జేబుల్లో ఉండేదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జూదగాళ్లు, దొంగలు అనుకుంటాం. వాళ్లతో పాటు శాసనకర్తల జేబుల్లోనూ ఉండేది. 1850 ఏప్రిల్ 17న అమెరికా సెనేట్‌లో బానిసత్వం మీద రాజీ చర్చ నడుస్తుండగా మిస్సిసిపీ సెనేటర్ హెన్రీ ఫుట్ పిస్టల్ తీసి మిస్సోరి సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ మీద గురిపెట్టాడు. బెంటన్ కోటు తెరిచి, తన దగ్గర ఆయుధం లేదని చూపిస్తూ, ఆ హంతకుణ్ణి కాల్చనివ్వండని అరిచాడు. తోటి సభ్యులు పిస్టల్ లాక్కోవడంతో ఆ రోజు గడిచింది. 1856 మే 8న కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు ఫిలెమన్ హెర్బర్ట్ వాషింగ్టన్‌లోని విల్లార్డ్ హోటల్‌కు ఆలస్యంగా టిఫిన్‌కు వెళ్లాడు. వడ్డించే విషయంలో మాటలు పెరిగి, థామస్ కీటింగ్ అనే ఐరిష్ వెయిటర్‌ను కాల్చి చంపాడు. హోటల్లో టిఫిన్ ఆలస్యమైనందుకు ఒక మనిషి ప్రాణం పోయింది. రెండోసారి విచారణలో జ్యూరీ హెర్బర్ట్‌ను నిర్దోషి అంది. 1859లో మరో కాంగ్రెస్ సభ్యుడు డేనియల్ సికిల్స్ వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లఫాయెట్ స్క్వేర్‌లో పట్టపగలు తన భార్య ప్రియుడు ఫిలిప్ బార్టన్ కీని కాల్చి చంపాడు. తాత్కాలిక మతిభ్రమణం అన్న వాదనతో అతనూ బయటపడ్డాడు. సౌత్ కరోలినా సెనేటర్ జేమ్స్ హామండ్ 1860లో ఆ సభల పరిస్థితి గురించి అన్న మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. రివాల్వర్, కత్తి రెండూ లేనివాళ్లు ఎవరైనా ఉన్నారంటే వాళ్ల దగ్గర రెండు రివాల్వర్లు ఉన్నాయన్నమాట అని.

అధ్యక్షుల మీద హత్యాయత్నాల చరిత్ర కూడా జేబు పిస్టల్‌తోనే మొదలైంది. 1835 జనవరి 30న వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం దగ్గర రిచర్డ్ లారెన్స్ అనే పెయింటర్ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ మీద పిస్టల్ పేల్చాడు. టోపీ పేలింది కానీ మందు అంటుకోలేదు. రెండో పిస్టల్ తీశాడు, అదీ అంతే. ముసలి జాక్సన్ చేతికర్రతో అతని మీదికి వెళ్లాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1865 ఏప్రిల్ 14న, అలాంటి అదృష్టం అబ్రహాం లింకన్‌కు దక్కలేదు.

ఆ రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ వాడిన డెరింజర్ ఇప్పటికీ అదే థియేటర్ మ్యూజియంలో ఉంది. పొడవు ఆరు అంగుళాల లోపు, బరువు పావు కిలో కంటే తక్కువ. బూత్ పేరున్న నటుడు. థియేటర్‌లో అతన్ని ఎవరూ ఆపరు, అతని జేబులు ఎవరూ చూడరు. నాటకంలో జనం పగలబడి నవ్వే చోటు ఎక్కడొస్తుందో అతనికి తెలుసు. ఆ నవ్వుల మధ్య అధ్యక్షుడి వెనక నిలబడి, అతి దగ్గర నుంచి ఒక్క గుండు పేల్చాడు. రెండో గుండు లేదు కాబట్టి తుపాకీ అక్కడే పారేసి, అడ్డొచ్చిన మేజర్ రాత్‌బోన్‌ను కత్తితో పొడిచి వేదిక మీదికి దూకాడు. నాలుగేళ్ల పాటు లక్షల మంది రైఫిళ్లతో, ఫిరంగులతో పోరాడిన అంతర్యుద్ధం ముగుస్తున్న వేళ, ఆ యుద్ధాన్ని నడిపిన మనిషి ప్రాణం తీసింది అరచేతిలో పట్టే పిస్టల్. మర్నాడు ఉదయం 7 గంటల 22 నిమిషాలకు లింకన్ చనిపోయాడు.

చట్టం ఏం చేస్తోందన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, చట్టం ఊరుకోలేదు. కెంటకీ రాష్ట్రం 1813లోనే చట్టం తెచ్చింది. జేబు పిస్టల్, బాకు, పెద్ద కత్తి, చేతికర్రలో దాచిన కత్తి, వీటిలో ఏది ఒంటి మీద దాచుకుని తిరిగినా జరిమానా. దూరప్రయాణంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. అదే ఏడాది లూసియానా, 1820లో ఇండియానా, 1830ల చివర్లో జార్జియా, టెన్నెస్సీ, వర్జీనియా, అలబామా ఆ దారి పట్టాయి. జార్జియా 1837 చట్టంలో ఒక వివరం నన్ను బాగా ఆకట్టుకుంది. పిస్టళ్లను నిషేధిస్తూనే, గుర్రపు రౌతులు వాడే పెద్ద పిస్టళ్లను వదిలేసింది. చేతిలో ఉంటే అందరికీ కనిపించే పెద్ద ఆయుధంతో ఆ చట్టానికి పేచీ లేదు.

కోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. 1822లో కెంటకీ అత్యున్నత కోర్టు తమ రాష్ట్ర చట్టం ఆయుధం పట్టుకునే హక్కుకు అడ్డమని కొట్టేసింది. ఆ రాష్ట్ర ప్రజలు దానితో సరిపెట్టుకోలేదు. 1850లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, దాచిన ఆయుధాలను నిషేధించే అధికారం చట్టసభకు ఉందని అందులోనే రాసేశారు. మిగతా కోర్టులు ఎక్కువగా చట్టాలను సమర్థించాయి. 1846లో జార్జియా సుప్రీంకోర్టు నన్ కేసులో ఒక గీత గీసింది. బహిరంగంగా పట్టుకెళ్లడాన్ని ఆపలేరు, దాచుకోవడాన్ని ఆపొచ్చు. 1850లో లూసియానా సుప్రీంకోర్టు చాండ్లర్ కేసులో ఇంకా స్పష్టంగా మాట్లాడింది. అందరికీ కనిపించేలా ఆయుధం పట్టుకుంటే మనుషులు సమానంగా ఉంటారు, ఆత్మరక్షణ మగతనంతో, గౌరవంగా జరుగుతుంది, దాచుకుంటే అది రహస్యంగా పైచేయి సంపాదించడానికీ, మగతనం లేని హత్యలకూ దారి తీస్తుంది అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తర్కం మొత్తం గౌరవం చుట్టూ తిరుగుతుంది. నీ దగ్గర తుపాకీ ఉందని నాకు తెలిస్తే నేను జాగ్రత్తపడతాను, మాట అదుపులో పెట్టుకుంటాను. తెలియకపోతే నువ్వు నన్ను మోసం చేస్తున్నావు. ఇవాళ్టి అమెరికన్లు దీన్ని దాదాపు తలకిందులుగా చూస్తున్నారు. సూపర్‌మార్కెట్‌లోకి ఎవరైనా రైఫిల్ భుజాన వేసుకుని వస్తే జనం హడలిపోతారు. చొక్కా కింద పిస్టల్ దాచుకుంటే అది మర్యాదగా నడుచుకోవడం. సగానికి పైగా రాష్ట్రాల్లో అసలు లైసెన్సే అక్కర్లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి ఇదే పద్ధతి. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలు రోజూ తిరిగే షాపుల్లో, పార్కుల్లో, పక్కవాడి చొక్కా కింద ఏముందో తెలియని టెన్షన్ ఉంటుంది. 1850 నాటి న్యాయమూర్తి చెడ్డదిగా ఎంచింది సరిగ్గా దీన్నే.

అయితే ఆ న్యాయమూర్తి చెప్పిన సమానత్వంలో ఎవరున్నారు? లూసియానా, జార్జియా, అలబామా బానిస రాష్ట్రాలు. అక్కడ లక్షలాది నల్లవాళ్లకు దాచుకునే హక్కూ లేదు, బాహాటంగా పట్టుకునే హక్కూ లేదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ నల్లవాళ్లు పౌరులు కారని తీర్పు రాశాడు. వాళ్లను పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికి వెళ్లినా ఆయుధాలు పట్టుకెళ్లే హక్కు కూడా ఇవ్వాల్సి వస్తుందన్నది ఆయన చూపించిన ప్రమాదాల్లో ఒకటి. తెల్ల మగాళ్ల మధ్య మర్యాదను కాపాడడానికి పుట్టిన చట్టాలు అవి. ఈ మాట చెప్పకుండా వాటిని ఆదర్శంగా చూపించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండో వైపు ముందే కనిపిస్తుంది. హ్యారియట్ బీచర్ స్టో 1852లో పుస్తకంగా వచ్చిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో జార్జ్ హారిస్ అనే బానిస యజమాని నుంచి పారిపోతూ, పెద్దమనిషి వేషంలో కెంటకీలోని ఒక సత్రంలో దిగుతాడు. తనను గుర్తుపట్టి భయంతో హితవు చెబుతున్న పాత పరిచయస్తుడికి ఓవర్‌కోట్ తెరిచి చూపిస్తాడు. లోపల రెండు పిస్టళ్లు, ఒక బౌవీ కత్తి. వాళ్లకోసం సిద్ధంగానే ఉన్నాను, దక్షిణాదికి మాత్రం ఎప్పటికీ వెళ్లను అంటాడు. కెంటకీలో కోటు కింద దాచిన పిస్టల్ అంటే చట్టసభ నలభై ఏళ్ల కిందట నేరంగా చూసిన వస్తువే. ఆ కోటు లోపల స్టో పెట్టింది మాత్రం స్వేచ్ఛ. కోర్టు దృష్టిలో పిరికితనమైన దాచడం, దాచకపోతే బతకలేని మనిషికి ఏకైక దారి. మతభక్తి నిండిన ఆ నవలలో హింసతో ఎదురుతిరగడానికి స్థానం చాలా తక్కువ. అలాంటి రచయిత్రి ఈ దృశ్యం రాసిందంటే ఊరికే రాసి ఉండదు.

మార్క్ ట్వైన్ దారి వేరు. 1861లో అన్నతో కలిసి గుర్రపుబండిలో నెవాడాకు వెళ్లిన ప్రయాణాన్ని ఆయన ‘రఫింగ్ ఇట్’లో 1872లో రాశాడు. తన దగ్గర ఉన్నది ఏడు గుళ్ల స్మిత్ అండ్ వెస్సన్. ఆ గుండు హోమియోపతి మాత్రంత ఉండేదని, పెద్దవాడికి ఒక డోసు కావాలంటే ఏడూ వాడాలని అంటాడు. తోటి ప్రయాణికుడి దగ్గర జనం పెప్పర్‌బాక్స్ అని పిలిచే ఆలెన్ పిస్టల్ ఉంటుంది. చెట్టుకు మేకు కొట్టిన పేకముక్కకు గురిపెడితే, పక్కన ముప్పై గజాల దూరంలో నిలబడ్డ కంచర గాడిదకు తగులుతుంది. నవ్వు తెప్పించే భాగమే అది. కానీ ఆ నవ్వు వెనక ఒక గమనిక ఉంది. పడమటికి వెళ్లే ప్రతి మగాడూ తుపాకీ కట్టుకున్నాడు, అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు. భయం, డాంబికం కలిసి ఆ పిస్టల్ అమ్ముడుపోయేలా చేశాయి.

అదే ట్వైన్ ‘హకల్‌బెరీ ఫిన్’లో నవ్వించడు. అర్కాన్సాస్‌లోని ఒక చిన్న ఊరిలో బాగ్స్ అనే తాగుబోతు అరుస్తూ తిరుగుతుంటాడు. అందరికీ తెలుసు అతను ఎవరికీ హాని చేయడని. కర్నల్ షెర్‌బర్న్ ఒంటిగంట వరకు గడువు ఇచ్చి, ఆ తర్వాత నడివీధిలో అతన్ని కాల్చేస్తాడు. కూతురు పరిగెత్తుకొచ్చేసరికి బాగ్స్ నేల మీద పడి ఉంటాడు. కూతురి ఏడుపు చూసి చలించిపోయిన హక్, కాసేపట్లోనే ఊరివాళ్లలో ఒకడు ఆ హత్యను జనానికి నటించి చూపించడం కూడా చూస్తాడు. ట్వైన్ పెరిగిన హానిబాల్ ఊరిలో 1845లో నిజంగా జరిగిన హత్య ఈ సన్నివేశానికి మూలం. అప్పుడు సాక్ష్యాలు నమోదు చేసిన జస్టిస్ ఆఫ్ ద పీస్, అంటే స్థానిక న్యాయాధికారి, ఆయన తండ్రే. గౌరవం పేరుతో బాహాటంగా కాల్చడం మగతనం అన్న కోర్టు మాటకు ఇంతకంటే గట్టి జవాబు అమెరికా సాహిత్యంలో నాకు కనిపించలేదు. షెర్‌బర్న్ దాచలేదు, ముందే చెప్పి చేశాడు. దానివల్ల అది హత్య కాకుండా పోయిందా?

డెరింజర్‌ను పేరు పెట్టి కథలోకి తెచ్చి, దానికి ఒక అర్థం ఇచ్చిన రచయిత బ్రెట్ హార్ట్. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటూ అక్కడి ‘ఓవర్‌లాండ్ మంత్లీ’ పత్రికకు సంపాదకుడిగా ఉన్నప్పుడు, 1869లో ‘ది అవుట్‌కాస్ట్స్ ఆఫ్ పోకర్ ఫ్లాట్’ రాశాడు. కథాకాలం 1850. ఊరు మంచిదైపోవాలని నిర్ణయించుకున్న జనం ఒక జూదగాణ్ణి, ఇద్దరు ఆడవాళ్లను, ఒక తాగుబోతు దొంగను వెళ్లగొడతారు. కొండల్లో మంచు పడుతుంది. దొంగ కంచర గాడిదలను తీసుకుని పారిపోతాడు. దారిలో కలిసిన అమాయకపు యువజంట కూడా వాళ్లతో చిక్కుకుపోతుంది. జూదగాడు ఓక్‌హర్స్ట్ చివరిదాకా ధైర్యంగా, ఉదారంగా ప్రవర్తిస్తాడు. సహాయం వచ్చేసరికి అతను ఒక చెట్టు కింద, మంచులో, గుండెలో తూటాతో పడి ఉంటాడు. పక్కన డెరింజర్. చెట్టుకు కళావర్ రెండు ముక్క గుచ్చి ఉంటుంది. దాని మీద తన దురదృష్టం నవంబర్ 23న మొదలైందని, డిసెంబర్ 7న ఆట ముగించానని రాసి ఉంటుంది. అతను అందరికంటే బలవంతుడు, అందరికంటే బలహీనుడు అంటాడు హార్ట్.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తుంది. జూదగాడి డెరింజర్ పేకాట బల్ల దగ్గర ఎవరిమీదో పేలాలి. కథ మొత్తంలో అది ఎవరిమీదా పేలదు. పేలిన ఒక్క గుండూ తన గుండెలోకే. జేబు పిస్టల్ ఎప్పుడూ దగ్గరివాళ్లకు తగిలే ఆయుధం. అందరికంటే దగ్గర ఉండేది దాన్ని మోసేవాడే. అమెరికాలో ఇప్పటికీ ఏటా తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తుపాకీ చర్చలో రక్షణ, నేరం అనే రెండు మాటలే పెద్దగా వినిపిస్తాయి. ఈ మూడో మాటను 1869లోనే ఒక కథకుడు రాశాడు.

చిన్న పిస్టల్ పట్టుకున్న ఆడమనిషి కూడా ఆ కాలపు పత్రికలకు పెద్ద ఆసక్తి. 1870 నవంబర్‌లో ఓక్లాండ్, శాన్ ఫ్రాన్సిస్కో మధ్య తిరిగే ఫెర్రీలో లారా ఫెయిర్ అనే ఆమె, తనను ఏళ్ల తరబడి మాటలతో మభ్యపెట్టిన పేరున్న లాయర్ క్రిటెండెన్‌ను భార్య పక్కనే ఉండగా కాల్చింది. మొదట ఉరిశిక్ష పడింది, పై కోర్టు దాన్ని రద్దు చేసింది, మళ్లీ విచారణలో విడుదలైంది. ట్వైన్, చార్ల్స్ డడ్లీ వార్నర్ కలిసి 1873లో రాసిన ‘ది గిల్డెడ్ ఏజ్’లో లారా హాకిన్స్ పాత్ర ఆ కేసు నుంచి వచ్చిందే. వాళ్ల కోపం మతిభ్రమణం వాదన మీద, జ్యూరీల మీద. నా అసంతృప్తి ఏమిటంటే, ఆమెను అంతదాకా తెచ్చిన మగాడి మీద చూపించిన కోపం దాని ముందు తక్కువ. సికిల్స్ అదే వాదనతో బయటపడి తర్వాత అంతర్యుద్ధంలో జనరల్ అయ్యాడు.

1869 తర్వాత కథ వేగం పుంజుకుంది. గొట్టం వెనక నుంచి తూటా నింపే సిలిండర్‌కు రోలిన్ వైట్ తీసుకున్న పేటెంట్ ఆ ఏడాదితో ముగిసింది. అంతవరకు ఆ హక్కు స్మిత్ అండ్ వెస్సన్ చేతిలో ఉండేది. గేటు తెరుచుకోగానే న్యూ ఇంగ్లండ్ ఫ్యాక్టరీల నుంచి చవక రివాల్వర్లు వరదలా వచ్చాయి. ఒక్క గుండు డెరింజర్ స్థానంలో ఐదు గుళ్లు, అదీ కూలివాడు కొనగలిగే ధరకు. 1866లో వచ్చిన రెమింగ్టన్ రెండు గొట్టాల డెరింజర్ 1935 దాకా తయారైంది. 1881లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో కాల్చింది జేబులో పట్టే బుల్‌డాగ్ రివాల్వర్. 1901లో బఫలో ఎగ్జిబిషన్‌లో విలియం మెకిన్లీని కాల్చిన ఐవర్ జాన్సన్ రివాల్వర్ చేతిరుమాలులో చుట్టి ఉంది. దాని ధర నాలుగున్నర డాలర్లు. 36 ఏళ్లలో ముగ్గురు అధ్యక్షులు, మూడూ దాచి తెచ్చిన చిన్న తుపాకులే.

టెన్నెస్సీ 1879లో జేబు పిస్టళ్ల అమ్మకాన్నే నిషేధించింది. సైన్యం, నౌకాదళం వాడే పెద్ద పిస్టళ్లకు మినహాయింపు ఉంది. 1881లో అర్కాన్సాస్ కూడా అదే చేసింది. పైకి చూస్తే పాత తర్కమే, చిన్నది ప్రమాదం, పెద్దది పర్వాలేదు. కానీ పెద్ద కోల్ట్ ఖరీదైనది. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన మాజీ కాన్ఫెడరేట్ సైనికుల ఇళ్లలో అలాంటివి ముందే ఉన్నాయి. కొత్తగా స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు, పేద తెల్లవాళ్లు కొనగలిగేది చవక రివాల్వర్ ఒక్కటే. ఈ చట్టాల బరువు ఎవరి మీద పడిందో చాలామంది చరిత్రకారులు ఎత్తి చూపారు. 1892 మార్చిలో అదే టెన్నెస్సీలోని మెంఫిస్‌లో థామస్ మాస్, మరో ఇద్దరు నల్ల వ్యాపారులను మూక చంపేసింది. మాస్ స్నేహితురాలు, పత్రికా సంపాదకురాలు ఐడా బి. వెల్స్ ఆ తర్వాత తాను చేసిన మొదటి పని పిస్టల్ కొనడమని ఆత్మకథలో రాసుకుంది. చట్టం ఆమెను కాపాడలేదు, ఆమె పత్రిక ఆఫీసును కూడా మూక ధ్వంసం చేసింది.

అందుకే బ్రూయెన్ తీర్పు తర్వాత చరిత్రను రెండు ముక్కలుగా పంచుకోవడం నన్ను బాధపెడుతుంది. దాచిన ఆయుధాలపై నిషేధం న్యాయసమ్మతమేనని 19వ శతాబ్దపు కోర్టుల్లో ఎక్కువ భాగం అన్నాయని 2008 నాటి సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పులో జస్టిస్ స్కాలియా కూడా ఒప్పుకున్నారు. బ్రూయెన్‌లో జస్టిస్ థామస్ దాన్ని కాదనలేదు. బాహాటంగా తీసుకెళ్లే దారి వదిలిపెట్టినంత వరకే ఆ నిషేధాలు చెల్లుతాయని ఆయన చదివారు. ఒకటి మూస్తే ఇంకోటి తెరిచి ఉండాలన్నమాట. న్యూయార్క్‌లో తుపాకీ వెంట పెట్టుకుని తిరగాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న నియమం అలా కూలిపోయింది. ఆ నియమానికి మూలం 1911 నాటి సల్లివన్ చట్టం. దాని వెనక కూడా ఒక సాహిత్య మరణం ఉంది. ఆ ఏడాది జనవరి 23న నవలా రచయిత డేవిడ్ గ్రాహమ్ ఫిలిప్స్‌ను గ్రామర్సీ పార్క్ దగ్గర ఒక మతి చెదిరిన వ్యక్తి కాల్చాడు. తన కుటుంబాన్ని నవలలో కించపరిచాడని ఆ మనిషి నమ్మాడు. ఫిలిప్స్ మర్నాడు చనిపోయాడు. నగరంలో రేగిన కోపం అదే ఏడాది చట్టంగా మారింది.

పాత చట్టాలను లెక్కపెట్టి, ఇన్ని రాష్ట్రాలు ఉంటే సంప్రదాయం, ఇన్ని ఉంటే కాదు అని తూకం వేసే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఆ చట్టాలు ఏ భయం నుంచి పుట్టాయో, ఎవరి చేతుల్లో అమలయ్యాయో కూడా తీర్పులో చేరాలి. విల్లార్డ్ హోటల్లో చనిపోయిన వెయిటర్ ఎందుకు చనిపోయాడో చెప్పాలి. మెంఫిస్‌లో వెల్స్ ఎందుకు పిస్టల్ కొనుక్కుందో చెప్పాలి. మొదటిదాని పేరుతో చట్టం చేసే ప్రభుత్వం రెండోదానికి జవాబు చెప్పగలగాలి, అంటే లైసెన్సు ఎవరికి ఇచ్చారో, ఎవరికి కాదన్నారో, ఏ పేటలో ఎవరిని పట్టుకున్నారో లెక్కలు బయటపెట్టాలి. రెండోదాని పేరుతో హక్కు అడిగేవాళ్లు, జనం నిండిన రైల్లో, థియేటర్‌లో ప్రతి జేబులో పిస్టల్ ఉంటే ఒక మాట తప్పుగా దొర్లినప్పుడు ఏం జరుగుతుందో చెప్పగలగాలి. ఇప్పుడు కోర్టులకు చేరుతున్న వాదనల్లో ఈ రెండు ప్రశ్నలనూ ఒకేచోట, సమానమైన గంభీరతతో అడిగేవాళ్లు తక్కువ.